మాత్రలు మధ్యలో ఆపకుండా: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన శక్తంతా ఒక్క పని మీదే పెట్టాం. బీపీకి, కొలెస్ట్రాల్‌కి రాసిచ్చిన మాత్రలు ఎవరూ మధ్యలో ఆపేయకుండా చూడటం. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేది సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. బీపీ పెరిగినా చాలామందికి ఏ బాధా ఉండదు. మాత్ర మానేసిన రోజూ ఏమీ అనిపించదు. గుండెకు జరిగే నష్టం మాత్రం లోపల జరుగుతూనే ఉంటుంది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోగలిగింది, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మని పిలిచిన రోజు. ఒక పెద్దాయన తన సంచి బల్ల మీద బోర్లించారు. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉంది, రెండూ రోజూ వేసుకుంటున్నారు! పక్కనే కొలెస్ట్రాల్ మాత్రల షీటు, అందులో మూడే ఖాళీ. “కాళ్లు లాగుతున్నాయని ఆపేశానమ్మా. డాక్టరుగారు కోప్పడతారని చెప్పలేదు” అన్నారు. మన ఫార్మసిస్టుగారు ఒక్క మాట కూడా కసరలేదు. రెండు సంగతులూ కాగితం మీద రాసిచ్చి, “డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, ముందు డాక్టరుగారికి ఇది చూపించండి” అని పంపారు. తర్వాతి వారం ఆయనే ఫోన్ చేసి, మాత్ర మార్చారని చెప్పారు. ఆ రోజంతా నిలబడి పనిచేసిన ఫార్మసిస్టుగారికి, నర్సులకు, కుర్చీలు మోసిన పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

మాత్రలు మానకుండా సభ్యులకు ఫోన్ చేసి కనుక్కునే మన ఫోన్ బృందానికి కూడా కృతజ్ఞతలు. స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలీ గొట్టం) వేయించుకున్న ఒక సభ్యుడు పన్ను తీయించుకోవాలని రక్తం పలచబడే మాత్రలు తనంతట తానే ఆపబోయారు. అలా ఆపితే స్టెంట్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. సమయానికి మనవాళ్ల ఫోన్ వెళ్లింది కాబట్టి గుండె డాక్టరుని అడిగాకే పన్ను తీయించుకున్నారు.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. ఫోన్లు చేస్తామని పేర్లిచ్చినవాళ్లు చాలామంది, ఏడాది పొడుగునా చేసినవాళ్లు నలుగురే. వాళ్లు అలసిపోయారు. నిలకడగా ఉన్నవారికి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలని అధికారులకు మూడుసార్లు రాశాం, ఒక్క జవాబూ లేదు. మందుల కోసం నెలనెలా పని మానుకుని తిరగలేకే ఎంతోమంది ఆపేస్తున్నారు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక జతచేశాం. బీపీ మిషన్లు కొనగా మిగిలింది వచ్చే ఏడాదికి జమ.

ఫోన్ బృందంలో చేరేవారి కోసం రిజిస్టరు బల్ల మీద ఉంచాం. పేరుతో పాటు ఏ రోజు, ఏ సమయం ఇవ్వగలరో కూడా రాయండి.

మీ కార్యదర్శి