వెనక్కి పంపిన జ్యూస్ ప్యాకెట్ల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం నాలుగో తరగతిలో పుట్టినరోజుకని వచ్చిన 36 మామిడి జ్యూస్ ప్యాకెట్లను వచ్చిన ఆటోలోనే వెనక్కి పంపించాం. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "పండ్ల రసమే కదా, విషమేమన్నా ఇచ్చామా?" అని ఒకరు రాశారు. పంపినవారి మనసు నొచ్చుకుని ఉంటే క్షమించాలి. ప్యాకెట్లను మాత్రం రేపు వచ్చినా పంపించేస్తాం.



సీబీఎస్ఈ 2025లో స్కూళ్లను షుగర్ బోర్డులు, అంటే దేనిలో ఎంత చక్కెర ఉందో రాసిపెట్టే బోర్డులు, పెట్టమంది, పిల్లల్లో టైప్ 2 డయాబెటిస్ పెరుగుతోందనే. మన బోర్డు రాసింది ఏడో తరగతి పిల్లలు. అలాంటి ప్యాకెట్టే ఒకటి కొని చూస్తే, వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని ఉంది. ప్యాకెట్టేమో 200. ఒకమ్మాయి ల్యాబ్ త్రాసులో 26 గ్రాములు తూచి తెచ్చి నా టేబుల్ మీద పోసింది. "మేడమ్, తాతయ్య టీలో ఒక్క చెంచా వేసుకుంటేనే నానమ్మ ఊరుకోదు. ఇది ఆరు చెంచాలు!" అంది. ఎంత ముచ్చటేసిందో!

"ఇంట్లో తీసిన రసమైతే?" అని ఇంకో అబ్బాయి తనే బత్తాయిలు పిండాడు. గ్లాసు నిండేసరికి మూడున్నర కాయలు అయ్యాయి, పిప్పంతా చెత్తబుట్టలోకి పోయింది. మూడున్నర బత్తాయిలు ఒలుచుకుని ఒకేసారి ఎవరు తింటారు? రసమైతే రెండు గుక్కలు. పీచు పోయాక ఆ చక్కెర రక్తంలోకి గబగబా ఎక్కుతుంది, కడుపూ నిండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించుకోమన్న చక్కెరల్లో పండ్ల రసంలోది ఉంది, కొరుక్కు తినే పండులోది లేదు. ఒక్క గ్లాసుకే షుగర్ జబ్బు వస్తుందని నేననను. రోజూ అలవాటు చేయడం గురించే నా బాధంతా.

జామకాయ పంపమంటే "మా వాడు కొరకడండీ" అంటున్నారు. పొద్దున్నే మీ హడావుడి నాకు తెలియనిది కాదు. కానీ బత్తాయి ఒలవడం రాదంటున్న మూడో తరగతి బాబుకి మీ ఫోన్ లాక్ తీయడం బాగానే వచ్చు.

అన్నట్టు, సిక్ రూమ్ బీరువాలో జ్యూస్ ప్యాకెట్లున్నాయని ఎవరో ఫొటో పెట్టారు. ఉన్నాయి. ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు షుగర్ పడిపోతే వెంటనే పట్టాల్సింది అదే. వాటి జోలికి రాకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు