మా అమ్మాయికి అండగా నిలిచిన కావలి ఊరివాళ్లకి కృతజ్ఞతలు

మా వీధివాళ్లకి, గ్రౌండుకొచ్చే పిలకాయలకి, నెల్లూరులో సాయం చేసినవాళ్లకి నమస్కారం. మా పెద్దమ్మాయికి తుంటికి రెండో ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం కొంచెం. అమ్మాయి కానిస్టేబుల్ సెలక్షన్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తుండేది. గజ్జల్లో నొప్పి అనేది, ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. తుంటి కీలులో తొడ ఎముక పైన బంతిలాంటి గుండు ఉంటుంది. దాని కింద ఉండే మెడ దగ్గర పదేపదే భారం పడి సన్నగా బీటిచ్చిందని తర్వాత తెలిసింది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు, మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదట, ఎంఆర్ఐలో తెలుస్తుందట. ఒకరోజు పరుగు మధ్యలోనే ఎముక విరిగి పక్కకి జరిగింది.

తనతో పరుగెత్తే ఆడపిల్లలకి ముందుగా థ్యాంక్స్. లేపి నడిపిద్దామని చూడలేదు తల్లులు. రెండు కాళ్లూ కలిపి చున్నీతో కట్టి, 108 వచ్చేదాకా కదలనీయకుండా చుట్టూ కూర్చున్నారు.

నెల్లూరులో మూడు స్క్రూలు వేశారు. డిశ్చార్జి రోజే డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు: "విరిగింది అతుక్కుంటుంది. కానీ పైన గుండుకి రక్తం తీసుకెళ్లే నాళాలు ఆ మెడ మీదుగానే పోతాయి. అవి దెబ్బతినుంటే గుండు మెల్లగా చచ్చిపోవచ్చు, ఏడాదికో రెండేళ్లకో బయటపడొచ్చు. అతికింది కదా అని రావడం మానొద్దు." భయపెట్టాడే అనుకున్నాం గానీ, ఆ మాట చెప్పినందుకు ఆయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఎముక అతికింది, కర్రలు వదిలేసింది. తర్వాత మోకాలు నొప్పి అనడం మొదలుపెట్టింది. పక్కింటి పెద్దామెకి పక్షవాతం వస్తే చూడ్డానికి వచ్చే ఫిజియోథెరపీ మేడం, అమ్మాయి గేటు దాకా నడిచిన తీరు చూసి, "ఒకసారి పడుకోమ్మా" అంది. మోకాలు పైకి మడిచి పాదాన్ని బయటికి తిప్పింది. బాగున్న కాలు హాయిగా తిరిగింది. రెండోది కొంచెం కదలగానే అమ్మాయి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. "ఇది మోకాలు కాదు సార్, తుంటి. అక్కడి నొప్పే మోకాల్లో తెలుస్తోంది. ఎంఆర్ఐ ఆలస్యం చేయొద్దు" అని, వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది. ఫీజు ఇవ్వబోతే ససేమిరా అంది.

అవాస్కులర్ నెక్రోసిస్, అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం అని తేలింది. 2021లో కరోనా తగ్గాక స్టెరాయిడ్లు వాడినవాళ్లకి వస్తోందని వార్తల్లో చెప్పారే, అదే. మా అమ్మాయికి మాత్రం ఫ్రాక్చర్ వల్ల. అదృష్టం ఏందంటే గుండు ఇంకా కుంగలేదు. అందుకే కీలు మార్చకుండా, ఎముకకి రంధ్రం పెట్టి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేశారు. కుంగాక దీనివల్ల పెద్దగా ఉపయోగం ఉండదట. ముందు ముందు కీలు మార్చాల్సి రావచ్చు అని కూడా దాచకుండా చెప్పారు. చిన్న వయసు కదా, సొంత కీలు ఎన్నాళ్లుంటే అంత మేలు.

పుత్తూరు కట్టు కట్టించమన్న పెద్దలకి కోపం రాకూడదు. మీ ప్రేమ నాకు తెలుసు. రక్తం అందక వచ్చిన జబ్బుకి కట్టు ఏం చేస్తుంది చెప్పండి?

డబ్బు సంగతికొస్తే, మా ఆవిడ డ్వాక్రా గ్రూపు ఆడవాళ్లు తమ వంతు లోను వెనక్కి నెట్టుకుని ముందు మాకిచ్చారు. ఎవరి ఇంట్లో ఖర్చులు లేవు? అయినా ఇచ్చారు.

వెల్డింగ్ షాపు తమ్ముడిని మర్చిపోతే పాపం తగులుతుంది. మా ఇంట్లో ఉన్నది కింద కూర్చునే మరుగుదొడ్డి. అమ్మాయి కాలు మడవకూడదు. తమ్ముడు స్కేలు పట్టుకొచ్చి కూర్చునే ఎత్తు కొలుచుకుపోయి, పాత ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో గుండ్రంగా కోసి, కింద ఇనప ఫ్రేము కట్టాడు. పట్టుకుని లేవడానికి రెండు పక్కలా పైపులు, జారకుండా కాళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు. అంచు గీరుకోకుండా ఆకురాయితో అరగదీసి మరీ తెచ్చాడు. షాపులో కొన్నదానికన్నా వంద రెట్లు నయం.

ఇంకా కొన్నాళ్లు కర్రల మీదే నడవాలి కాబట్టి అవి ఇవ్వలేను. కుర్చీ అవసరం తీరాక కావలి చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఇంటికొచ్చి తీసుకెళ్లండి. డబ్బులేం వద్దు, తమ్ముడు కూడా తీసుకోలేదు.