కరోనా కాలంలో మన కాలనీ సంఘం: వార్షిక నివేదిక (2020 మార్చి – 2021 జూన్)

సభ్యులందరికీ నమస్కారం. లాక్‌డౌన్ వల్ల కిందటేడాది సర్వసభ్య సమావేశం పెట్టుకోలేకపోయాం కాబట్టి ఈసారి పదహారు నెలల పనులు కలిపి చెప్పుకుంటున్నాం. పార్కు, డ్రైనేజీ, వీధిదీపాల సంగతులు, జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. కార్యదర్శిగా నేను కరోనా పనుల గురించే మాట్లాడతాను, ముఖ్యంగా హోమియో గోళీల పంపిణీ గురించి. దాని మీద మీలో చాలామంది అడిగారు, కొందరు కోప్పడ్డారు కూడా.

2020 జనవరి 29న, ఆయుర్వేదం, హోమియో లాంటి వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒక సలహా ఇచ్చింది. ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 అనే హోమియో మందును రోజుకొకసారి పరగడుపున మూడు రోజులు వేసుకోవాలని, జబ్బు ఇంకా చుట్టుపక్కల ఉంటే నెల తర్వాత మళ్లీ వాడాలని అందులో ఉంది. దేశంలో మొదటి కేసు ఆ మర్నాడే కేరళలో బయటపడింది. అంటే ఇది ఈ జబ్బు మీద పరీక్షించి చూశాక ఇచ్చిన సలహా కాదు. మాకు అప్పుడు అంత ఆలోచన రాలేదు. మన పెద్దవాళ్లలో కొందరికి రామంతాపూర్ ప్రభుత్వ హోమియో ఆసుపత్రి ఏళ్ల తరబడి అలవాటు. మన వీధిలోని హోమియో డాక్టరు గారు ఉచితంగా మందు ఇస్తానన్నారు. మహిళా సభ్యులు కమ్యూనిటీ హాల్లో దూరం దూరంగా కూర్చుని చిన్న సీసాల్లో నింపారు. మన కుర్రాళ్లు ఇంటింటికీ ఇచ్చారు.

ఆ పంపిణీ వల్ల మేము అనుకోని మేలు ఒకటి జరిగింది. సీసా ఇవ్వడానికి తలుపు తట్టినప్పుడే ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరికి బీపీ, షుగర్ మాత్రలు అయిపోయాయో తెలిసింది. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లకు కూరగాయలు, మందులు చేర్చడం ఆ జాబితాతోనే మొదలైంది. నా దృష్టిలో ఆ ఏడాది మనం చేసిన మంచి పని అదే.

తప్పు కూడా అక్కడే జరిగింది. సీసాతో ఇచ్చిన చీటీ మీద 'కరోనా రాకుండా' అని అచ్చు వేయించాం. మందు పేరులోని 30 దాని పొటెన్సీ, అంటే వందో వంతుకు పలచన చేయడం ముప్పైసార్లు. పన్నెండు సార్లు దాటితేనే అసలు పదార్థం అణువు కూడా మిగలడం కష్టం. అలాంటి గోళీ వైరస్‌ను ఆపుతుందని రాసే అధికారం మనకు లేదు.

దాని ఫలితం సెకండ్ వేవ్‌లో చూశాం. 2021 ఏప్రిల్‌లో, ఆస్పిడోస్పర్మా అనే హోమియో మందు చుక్కలు వేసుకుంటే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుందన్న మెసేజ్ మన గ్రూపులోనూ తిరిగింది. జ్వరంతో ఉన్న మన సభ్యుడొకాయన రెండు రోజులు ఆ చుక్కలనే నమ్ముకున్నారు. మనవాళ్లు వెళ్లి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) 86 చూపించింది. బెడ్ కోసం ఆ రాత్రంతా ఫోన్లు చేశాం, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఆయన బతికి వచ్చారు. "సంఘం వాళ్లిచ్చిన హోమియో మందులాంటిదే కదా, పరవాలేదనుకున్నాం అన్నయ్యా" అని ఆయన భార్య అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. కార్యదర్శిగా ఆ చీటీకి బాధ్యత నాది. క్షమించమని అడుగుతున్నాను.

మర్నాడే కొత్త చీటీ వేశాం. హోమియో వాడుకునేవాళ్లు వాడుకోవచ్చు, కానీ జ్వరం వస్తే వెంటనే టెస్ట్ చేయించుకోవాలి, శాచురేషన్ 94 కంటే తగ్గితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి, అల్లోపతి డాక్టరు రాసిన మందులు ఆపకూడదు. చీటీ రాసిపెట్టింది మన హోమియో డాక్టరు గారే. తన దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పి పంపారు. వారికి సంఘం కృతజ్ఞతలు. ఆక్సీమీటర్లు మూడు కొని వాచ్‌మన్ గదిలో ఉంచాం. వాడిన ప్రతిసారీ శానిటైజర్‌తో తుడిచి తిరిగి ఇవ్వండి.

టీకాల విషయానికొస్తే, మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్లను, ఏప్రిల్ నుంచి నలభై ఐదు దాటినవాళ్లను మన కార్లలోనే కేంద్రానికి తీసుకెళ్లాం. మే నెలలో కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య గడువును 12–16 వారాలకు పెంచడంతో కొందరు తేదీలు మరిచిపోయారు. గోళీలు వేసుకుంటున్నాం కాబట్టి సూది అక్కర్లేదన్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. కార్యవర్గ సభ్యులు ఈ ఆదివారం వారిని కలుస్తారు. రెండో డోసు మిగిలినవాళ్లు సమావేశం అయ్యాక బల్ల దగ్గర పేరు, మొదటి డోసు తేదీ రాయించి వెళ్లండి.