రాత్రి ఒంటిగంటా నలభై

ఒరేయ్ బావా,

మూడు వారాల నుంచీ నీ మెసేజీలన్నిటికీ "పాప బాగుంది, తీరిగ్గా రాస్తా" అని ఒకటే జవాబు కొడుతున్నాను. ఇవాళ ఆదివారం. మీ చెల్లెలు పాపని తీసుకుని పుట్టింటికెళ్లింది. ఇంట్లో నేనూ ఫ్యానూ మిగిలాం. ఇంక తప్పించుకోడానికి లేదు. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు చెప్పనిస్తావా? రెండో మాటకే డల్లాస్ ఎండల గురించి అందుకుంటావు.

పాప నిజంగానే బాగుంది. పెరుగన్నంలోకి ఆవకాయ వెయ్యలేదని మొన్న కంచం పక్కకి తోసేసింది. ఆ చప్పుడు విని మా అమ్మ దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. అంతకుముందు ఎలా ఉండేదో నువ్వే ఊహించుకో.

డెంగ్యూ అని నీకు తెలుసు. నీకు చెప్పనిది ఆ గురువారం రాత్రి సంగతి.

సోమవారం జ్వరం మొదలైంది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో చూపించాం. వాళ్లు రోజూ రక్తం తీసి, ప్లేట్‌లెట్లు ఇన్ని అని ఒక కాగితం చేతిలో పెట్టేవాళ్లు. ఆ అంకె తప్ప మాకు ఇంకో ధ్యాస లేదు. లక్షా ఇరవై వేలు, తొంభై వేలు, డెబ్బై వేలు. క్రికెట్ స్కోరు అడిగినట్టు చుట్టాలందరూ ఫోన్ చేసి "ఇప్పుడెంతుంది?" అనడమే. గురువారం పొద్దున్నుంచీ కడుపునొప్పి, వాంతులు. ఫర్వాలేదు, తగ్గిపోతుందన్నారు అక్కడ. ఏమో, నాకు మనసొప్పలేదు. సాయంత్రం ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

వానాకాలంలో పిల్లల వార్డు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. మా పాపకి గోడవారన మంచం, ఇంకో పిల్లాడితో కలిపి. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్, ఒక ఆయా. నిద్రపట్టక లెక్కపెట్టాను, 34 మంది పిల్లలు. టీచింగ్ హాస్పిటల్ జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణమట. ముగ్గురికి! ఆ లెక్క ఇంటికొచ్చాక చదివాను కాబట్టి సరిపోయింది, ఆ రాత్రే తెలిసుంటే భయంతోనే చచ్చేవాణ్ణి.

నిజం చెప్పాలంటే మొదట ఆ సిస్టర్ నాకు నచ్చలేదు. నవ్వు మొహం కాదు. యాభై దాటి ఉంటాయి, కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. వచ్చీ రాగానే "పాప తాలూకు ఎవరండీ? ఒక్కరే ఉండాలి, మిగతావాళ్లు బయటికి" అంది. మా అమ్మ మొహం మాడ్చుకుని వరండాలోకి వెళ్లింది.

క్యాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం, పెట్టేటప్పుడు చూశాను పనితనం. క్లినిక్‌లో మూడుసార్లు పొడిచి నరం దొరకలేదన్న చెయ్యే అది. ఈవిడ ముందు ఆ చేతిని తన రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. వెచ్చబడితే నరం పైకి తేలుతుందట. పాపతో, "అబద్ధం చెప్పనమ్మా, చీమ కుట్టినట్టేం ఉండదు, గట్టిగానే నొప్పెడుతుంది. పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది. లెక్క నువ్వే పెట్టు" అంది. పాప ఏడు దగ్గర ఉండగానే అయిపోయింది. గ్లౌజుల డబ్బా అట్ట చింపి, దానికి దూది చుట్టి, చెయ్యి వంగకుండా కట్టింది. పాప వెక్కుతూనే "ఇంకా మూడున్నాయి" అంది. "దాచుకో, రేపు పనికొస్తాయి" అంది ఆవిడ, నవ్వకుండానే.

ఒంటిగంట దాటాక పాప ఒళ్లు చల్లబడింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. వరండాలో చాప మీదున్న మీ చెల్లెలి దగ్గరికి పరిగెత్తి, జ్వరం దిగిపోయిందే అని చెప్పాను. తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గేటు దగ్గర రెండు టీలు తెచ్చాను. టీ తాగి, గెలిచినవాడిలా లోపలికొచ్చేసరికి సిస్టర్ టార్చి పట్టుకుని పాప మంచం దగ్గరుంది. "జ్వరం తగ్గింది సిస్టర్" అన్నాను పళ్లికిలించి.

"అందుకే వచ్చాను" అంది.

పాప పాదం పట్టుకుని చూసి నన్నూ పట్టుకోమంది. కుండలో నీళ్లలా ఉంది. నుదురు చల్లబడ్డం వేరు, కాళ్లూ చేతులూ చల్లబడ్డం వేరు అని నాకేం తెలుసు? తర్వాత పాప వేలి గోరు నొక్కి పట్టి వదిలింది. నొక్కినచోట తెల్లబడుతుంది కదా, ఎరుపు తిరిగొచ్చేదాకా పెదాల్లోనే లెక్కపెట్టింది. రెండు సెకన్లలోపు రావాలట. నాలుగయింది. అక్కడున్న బీపీ పట్టీ పెద్దవాళ్లది. పిల్లలకి అది చుడితే తప్పు చూపిస్తుందని ఆయాని పక్క వార్డుకి పంపి చిన్న పట్టీ తెప్పించింది. పైది 90, కిందది 76. "పైది బాగానే ఉంది కదా సిస్టర్" అన్నాను, నాకూ ఏదో తెలిసినట్టు. "రెండిటికీ మధ్య ఎంతుందో చూడండి" అంది. అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని డ్యూటీ డాక్టరుని లేపుతోంది.

మధ్య 14 ఉంది. 20కి దిగితేనే ప్రమాదమట. డెంగ్యూలో అసలు గండం జ్వరం దిగేటప్పుడు మొదలవుతుంది బావా. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది. పైబీపీ చాలాసేపు నిబ్బరంగానే కనిపిస్తుంది, పిల్ల మాట్లాడుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. మేం ప్లేట్‌లెట్ల కాగితం పట్టుకుని వారమంతా తిరిగాం. చూడాల్సింది పాదాలు.

పీజీ డాక్టరమ్మ జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. 20 కిలోల పిల్ల, గంటలో 200 మిల్లీలీటర్ల సెలైన్ వెళ్లాలంది. ఆ గంటలో సిస్టర్ మా మంచం దగ్గరికి పావుగంటకోసారి వచ్చింది. మధ్యలో అవతల మూల ఆయాసం పిల్లాడికి నెబ్యులైజర్ పెట్టింది, ఒక బాలింత ఏడుస్తుంటే వెళ్లి ఏదో చెప్పింది, ఎవరో పిల్లకి ఫిట్స్ వస్తే అటు పరిగెత్తింది. అయినా పావుగంటయ్యేసరికి మళ్లీ మా పాప పాదం ఆవిడ చేతిలో ఉండేది. మూడున్నరకి పాదం గోరువెచ్చబడింది. నన్నే పట్టుకు చూడమంది మళ్లీ.

తెల్లారగట్ల సెలైన్ గంటకి 100కి తగ్గించారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కపెడుతోంది. పిల్లలకి వాడే ఆ సన్న చుక్కల సెట్టులో అరవై చుక్కలు ఒక మిల్లీలీటరట. అంటే నిమిషానికి ఎన్ని చుక్కలు పడితే గంటకి అన్ని మిల్లీలీటర్లు. మన ఇంటర్ లెక్కల మాస్టారు ఇలాంటి లెక్క ఒక్కటి చెప్పుంటే నేను ఇంజనీరింగ్ బాగా చదివేవాణ్ణేమో. పాప మూత్రం కూడా గ్లాసుతో కొలిచి చార్టులో ఎక్కించేది. ఆ గ్లాసు పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది.

మా అమ్మ బొప్పాయాకు రసం సంగతి చెప్పకపోతే ఉత్తరం పూర్తికాదు. మర్నాడు స్టీలు సీసాలో పోసుకుని, కొంగు కింద దాచి తెచ్చింది. దొరికిపోయింది. తిడుతుందనుకున్నాను. "అమ్మా, పిల్లకి కడుపులో ఏదీ నిలవట్లేదు. ఇది పట్టాక వాంతి అయితే, అది జబ్బు వల్లో దీనివల్లో నాకు తెలీకుండా పోతుంది. మీరు నాకో సాయం చెయ్యండి, ఐదు నిమిషాలకో చెంచా చొప్పున ఓఆర్‌ఎస్ పట్టండి" అంది. ఇంక చూస్కో, మా అమ్మ గడియారం ముందేసుకుని కూర్చుంది. చుట్టుపక్కల మంచాల వాళ్లక్కూడా టైము చెప్పడం మొదలెట్టింది.

శనివారం రాత్రి ఇంకో గొడవ. సెలైన్ ఆపేశారు. నేను కంగారుపడి ఇంకో సీసా ఎక్కించమని వెంటపడ్డాను. మనకి సెలైన్ అంటే బలం కదా. కారిన నీరు ఇప్పుడు తిరిగి రక్తంలోకి వస్తోందని, పైనుంచి ఇంకా పోస్తే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుందని నిలబడి చెప్పింది. నేను వినలేదు, మళ్లీ అడిగాను. మళ్లీ అదే ఓపికతో చెప్పింది. మూడోసారి మాత్రం "మీరెళ్లి పడుకోండి" అంది.

డిశ్చార్జి రోజు ఒక కవరు ఇవ్వబోయాను. వెనక్కి తోసేసింది. "ఇది తీసుకుంటే, రేపు కవరు లేనివాడు నన్ను పిలవడానికి జంకుతాడండీ." నాకు నోట మాట రాలేదు. తాపేశ్వరం కాజాలు తీసుకెళ్తే మాత్రం టేబుల్ మీద పెట్టించి, ఆయాకీ వాచ్‌మన్‌కీ అందరికీ పంచింది. తను సగం ముక్క తింది, షుగరట.

అప్పుడు గుర్తొచ్చింది నువ్వు చెప్పిన డైసీ అవార్డు, రోగులూ వాళ్లింట్లోవాళ్లూ రాసిస్తే మంచి నర్సులకి ఇచ్చేది. మీవాడి ఆపరేషనప్పుడు నర్సు గురించి నువ్వే ఫారం నింపానన్నావు చూడు, అది. ఇంటికొచ్చి చదివాను. పాట్రిక్ బార్న్స్ అని 33 ఏళ్ల కుర్రాడు 1999లో పోయాడు. ఐటీపీ, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లని చంపేసే జబ్బు. ప్లేట్‌లెట్లు అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. డాక్టర్లు ఎంత చేసినా వాళ్లింట్లోవాళ్లకి చివరికి మనసులో మిగిలింది నర్సులట. అందుకని ఆ అబ్బాయి గుర్తుగా డైసీ అనే సంస్థ పెట్టి, నర్సులకి జింబాబ్వే శిల్పులు రాతిలో చెక్కిన బొమ్మ ఇస్తారు. దాంతోపాటు దాల్చినచెక్క రోల్స్ పంచుతారు, ఆ అబ్బాయి జబ్బులో ఉండి కూడా ఇష్టంగా తిన్నది అవేనని. మేం కాజాలు పంచాం. పెద్ద తేడా ఏం లేదు.

ఇక్కడ అలాంటి ఫారం ఏదని వాకబు చేశాను. జాతీయ ఫ్లారెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది, కేంద్రం 1973లో పెట్టింది. రాష్ట్రపతి చేతుల మీదుగా ఇస్తారు, లక్ష రూపాయలు, పతకం, యోగ్యతాపత్రం. గొప్పదే. కానీ అది దేశం మొత్తానికి కొద్దిమందికి. గోడవారన మంచం దగ్గర నేను చూసింది అక్కడిదాకా ఎలా వెళ్తుంది?

చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది, నీకు నచ్చుతుంది. ఆ నైటింగేల్ మన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపిందట! మన దేశానికి ఒక్కసారీ రాలేదు, అయినా ఇక్కడి కరువుల గురించీ కాలవల గురించీ ఏళ్లకేళ్లు రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట మీద మనం జీళ్లు తింటూ తిరిగినన్నాళ్లూ ఎవరైనా చెప్పారా మనకి? యుద్ధంలో గాయాల కన్నా జబ్బులతోనే సిపాయిలు ఎక్కువ పోతున్నారని అంకెలేసి, బొమ్మ గీసి చూపించిన మనిషి ఆవిడ. దీపం పట్టుకున్న బొమ్మే మనకి తెలుసు, లెక్కల పుస్తకం సంగతి తెలీదు.

సరే, ఫారం లేకపోతేనేం, సూపరింటెండెంటు గారికి నేనే ఒక కాగితం రాద్దామని కూర్చున్నాను. మొదటిది రాసి మీ చెల్లెలికి చదివి వినిపించాను. "దేవత", "తల్లిలాంటి మనసు", "నిస్వార్థ సేవ", "ఎంత చెప్పినా తక్కువే". తను విని, "ఎంత చెప్పినా తక్కువే అన్నావు గానీ అసలేం చెప్పలేదుగా" అంది. చురుక్కుమంది. నిజమే. దేవత అనేస్తే ఇంక ఆవిడకి జీతం పెంచక్కర్లేదు, రెండో నర్సుని వెయ్యక్కర్లేదు, దేవతలు అలసిపోరు కదా. ఆవిడది మంచితనం కాదనను. కానీ నా పిల్లని కాపాడింది మంచితనం కాదు, చిన్న పట్టీ తెప్పించాలని తెలియడం.

చించేసి మళ్లీ రాశాను. విశేషణాలు తీసేసి, ఏ రోజు ఏ గంటకి ఏం చేసిందో వరసగా. పాదం, గోరు, పట్టీ, 90, 76, ఫోన్. రెండు పేజీలు వచ్చింది. ఆఖర్న, ఇన్ని మంచాలకి రాత్రిపూట ఒక్కరే ఉన్నారు, ఇంకొకరిని వెయ్యండి అని కూడా రాశాను.

ఆఫీసులో గుమాస్తా కాగితం చూడకుండానే "ఎవరి మీదండీ?" అన్నాడు. మీద కాదండీ, గురించి అన్నాను. చదివాడు. తల గోక్కున్నాడు. ఫిర్యాదులకి రిజిస్టరుంది, మెప్పుకి లేదు. చివరికి ఫిర్యాదుల రిజిస్టర్లోనే ఎక్కించి, పక్కన బ్రాకెట్లో "మంచిది" అని రాసి ఇన్‌వర్డ్ ముద్ర వేశాడు. ఆ పేజీ ఫోటో తీసుకున్నాను, నీకు పంపుతా.

ఒక కాపీ పట్టుకుని వార్డుకి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, మంచం అంచున కూర్చుని మొత్తం చదివింది. నేను పరీక్ష పేపరు ఇచ్చినవాడిలా నిలబడ్డాను. మొహంలో ఏం కనిపించలేదు. జేబులోంచి పెన్ను తీసి, "రాత్రి 2 గంటలకు" అన్నచోట కొట్టేసి "1:40" అని రాసింది. "చార్టులో ఉంటుంది, చూసుకోండి" అంది. ఇంకాస్త కిందికెళ్లి, చిన్న పట్టీ తెప్పించారు అన్నచోట ఆగింది.

"తెచ్చింది ఎవరో రాయలేదేంటండీ? ఆయా పరిగెత్తింది. ఆవిడ లేకపోతే నేను మంచం వదిలి వెళ్లాల్సొచ్చేది. ఆవిడ పేరు రాయండి."

రేపు సోమవారం. సరిదిద్దిన కాగితం పట్టుకుని మళ్లీ ఆ గుమాస్తా దగ్గరికి వెళ్తున్నాను. మీ ఆసుపత్రిలో నువ్వు నింపిన ఫారంలో ఏమేం అడిగారో గుర్తుంటే రాసి పంపు. అందులో ఆయాలకి గడి ఉందేమో కూడా చూడు.

నీ
బావ