సెలవు చీటీని కాదు, పనిచోటును పరీక్షించండి
అనారోగ్య సెలవులు ఎక్కువైతే ఉద్యోగిని అనుమానిస్తున్నారే తప్ప, అతను పనిచేసే చోటును ఎవరూ పరీక్షించడం లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చూసింది ఇదే: బరువులెత్తే విభాగంలో నడుం నొప్పికి మొదట రెండు రోజుల సెలవు, తర్వాత వారం, ఆపై నెల, చివరికి యాభై దాటగానే స్వచ్ఛంద పదవీ విరమణ. పేరుకే అది స్వచ్ఛందం! ఆ స్థానంలోకి మరొకరు వచ్చేవారు, నాలుగేళ్లకు ఆయనదీ అదే దారి. బరువు ఒక్కటే కాదు, పని మీద తనకంటూ ఏ అదుపూ లేకపోవడం కూడా మనిషిని కుంగదీస్తుంది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో, తమ పని ఎలా చేయాలో తామే నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నవారే ఎక్కువగా సిక్ లీవు పెట్టినట్టు తేలింది. మెడికల్ సర్టిఫికెట్ల మీద నిఘా పెంచితే జనం జ్వరంతోనే డ్యూటీకి వస్తారు, అంతకు మించి ఒరిగేదేమీ ఉండదు. సెలవుల లెక్కను మనిషివారీగా కాక విభాగాలవారీగా తీయాలి. ఒకే విభాగంలో ఒకే జబ్బు పదేపదే కనిపిస్తే వృత్తి ఆరోగ్య వైద్యుడు, అంటే పని వల్ల వచ్చే జబ్బులను చూసే డాక్టరు, అక్కడికే వెళ్లి పనిని చూడాలి. దీర్ఘకాలిక సెలవు నుంచి తిరిగి వచ్చినవారికి మొదటి కొన్ని వారాలు తక్కువ గంటలు, తేలిక పని ఇవ్వాలి, అదీ జీతంలో కోత లేకుండా.