నిండింది వేరు, నిండుకుంది వేరు

సంపాదకులకు,

అయ్యా,

వానాకాలంలో జిల్లా పేజీ తెరిస్తే జలాశయం 'నిండుకుండలా' ఉందని ఒక వార్త, దాని కిందే ఎరువుల నిల్వలు 'నిండుకున్నాయి' అని ఇంకో వార్త. మొదటిది తొణికిసలాడే నీళ్లు, రెండోది ఖాళీ గోదాము. పెద్దవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. పిల్లలు మాత్రం రెండూ నిండడమే అనుకుంటున్నారు. 'చెరువు నిండుకుంది' అని సంబరంగా శీర్షిక పెట్టేదాకా వచ్చింది వ్యవహారం.

ఇంట్లో ఫలానాది లేదనడం అమంగళమని, ఖాళీ డబ్బా చూస్తూనే 'బియ్యం నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరితే కొండెక్కిందనడం, తాళి తెగితే పెరిగిందనడం ఇదే తోవ. 'నిండు'కు 'కొను' చేరేసరికి అర్థం తలకిందులైంది. కాబట్టి నిండుకున్నదాన్నే నింపాలి.

ఇక 'భర్తీ'. హిందీ నుంచి వచ్చిన ఈ మాట ఉద్యోగ ఖాళీలకు బాగానే అమరింది: కుర్చీ ఒకటి, మనిషి ఒకరు, కూర్చుంటే ఖాళీ తీరింది. ఇంగ్లీషువాళ్ల 'రిప్లెనిష్'కు కూడా దాన్నే తగిలించడంతో చిక్కు వచ్చింది. వాడకంలో తగ్గినదాన్ని మళ్లీ మునుపటి మట్టానికి తేవడం రిప్లెనిష్. తెలుగులో దానికి ఒకే మాట లేదు, వస్తువును బట్టి మాట మారుతుంది. అంగట్లో సరుకు దించుకుంటాం, బ్యాటరీలో నీళ్లు పోస్తాం, లోటు పూడుస్తాం, బావి ఊరుతుంది. 'పునఃపూరణ' అని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ మాట అంగడి ముందు నిలబడి అంటే, ఏ కంపెనీదని అడుగుతారు.

అంగడి లెక్కే చూడండి. రోజుకు 40 కిలోల బియ్యం పోతూ, చెప్పిన సరుకు చేరడానికి 3 రోజులు పడితే, ఆ మూడు రోజులకే 120 కిలోలు కావాలి. లారీ ఆలస్యానికో పండగ గిరాకీకో ఇంకో 2 రోజులవి, అంటే 80 కిలోలు, చేతిలో ఉండాలి. నిల్వ 200 కిలోలకు దిగిన రోజే ఫోన్ చేయాలి. ఆ రోజుకు సరుకు తగ్గిందంతే, నిండుకోలేదు. నిండుకున్నాక చెబితే మూడు రోజుల బేరం పక్క అంగడిది. ఆసుపత్రిలో మందులకైనా, సొసైటీలో యూరియాకైనా ఇదే లెక్క. వార్తలో 'తగ్గాయి' అన్నప్పుడు ఎన్ని రోజులకు సరిపోతాయో ఒక్క అంకె వేస్తే చదివేవాడికి పనికొస్తుంది.

ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకోటి: డబ్బాలో పాత బియ్యం మీదే కొత్తవి కుమ్మరించడం. పైపైన తీసి వాడుకుంటూ పోతే అడుగున ఉన్నవి నెలల తరబడి కదలవు. ముక్కుపురుగు అక్కడే పెరిగి కొత్త బియ్యంలోకి ఎక్కుతుంది. పాతవి చాటలోకి వంచి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తవి అడుగున, పాతవి పైన పోయాలి.

ఏది పోయిందో అదే పోయాలన్నది 'భర్తీ'లో కనబడదు. ఇన్వర్టర్ బ్యాటరీలో ఛార్జింగ్‌కు తగ్గేది నీరే, యాసిడ్ అలాగే ఉంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోయాలి. యాసిడ్ పోస్తే గాఢత పెరిగి ప్లేట్లు దెబ్బతింటాయి, బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు పాడుచేస్తాయి. విరేచనాలప్పుడు తిరగేసి చూడాలి: నీటితో పాటు ఉప్పూ పోతుంది, ఉత్త నీళ్లు చాలవు. 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో కలిపితే పాళ్లు తప్పుతాయి.

అన్నిటికంటే తేడా కొట్టేది భూగర్భ జలాల దగ్గర. మన అనంతపురం నేల కింద ఎక్కువగా గట్టి రాయి. నీరు నిలిచేది మెత్తబడిన పై పొరలోనూ, రాతి నెర్రెల్లోనూ. వాన నీరు ముందు ఇంకాలి, తర్వాత బోరులో ఊరాలి. నాలుగు చినుకులకే 'భూగర్భ జలాల భర్తీ' అని రాస్తే, చదివిన రైతు రెండెకరాలు ఎక్కువ నాటుకుంటాడు. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు. అది ఇంకుడు గుంతలోకి చేరినా, పైనున్న ఇసుక మీద ఒండ్రు పేరుకుని ఉంటే లోపలికి దిగక పక్కకు పొర్లిపోతుంది. ఏటా వానలకు ముందే ఆ ఒండ్రు గీకి తీసేయాలి.

ఇక్కడా మాటలు తిరగబడతాయి. నీరు భూమిలోకి ఇంకితే లాభం, బావి ఇంకిపోతే నష్టం. లోటు పూడితే మేలు, చెరువు పూడితే కీడు. పూడిక పట్టిన చెరువు చిన్న వానకే కట్ట దాకా తేలి కనిపిస్తుంది, ఫొటోకు బాగుంటుంది, లోపల నీళ్లు మాత్రం సగమే. అందుకే ఉత్త 'చెరువు నిండింది' చాలదు. మరవ పారిందా, ఎన్ని రోజులు పారింది, తూముపైన ఎన్ని అడుగుల నీరుంది, పూడిక ఎప్పుడు తీశారు అన్నవి రాయండి. జిల్లా పేజీలో 'మత్తడి', 'అలుగు' బదులు మరవ అనే వేయండి, ఇక్కడి ఆయకట్టు రైతుకు తెలిసిన మాట అదే.

— ఒక కిరాణా వర్తకుడు,
పాతూరు, అనంతపురం