ఆదివారం చేపల మార్పిడి: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు, తొట్టెల్లో పెంచుకునే చేపలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే మన చేపల మార్పిడికి వచ్చేవారు, తాము తెస్తున్న ప్రతి చేప పెంపకంలో పుట్టిందో, సహజ జలాల నుంచి పట్టి తెచ్చిందో సంచి మీద స్పష్టంగా రాసి తీసుకురావలసిందిగా కోరుతున్నాను. తెలియకపోతే తెలియదనే రాయండి.

ఇలా అడగడానికి కారణం ఉంది. అలంకారం కోసం పెంచే మంచినీటి చేపల్లో అధిక భాగం పెంపక కేంద్రాల నుంచే వస్తుండగా, సముద్రపు చేపల్లో చాలా రకాలను ఇప్పటికీ పగడపు దిబ్బల దగ్గరే పడుతున్నారు. కొన్నిచోట్ల చేపకు మత్తు ఎక్కడానికి సయనైడ్ చల్లుతారు. దానివల్ల చుట్టూ ఉన్న పగడాలు కూడా చనిపోతాయి. ఇండోనేషియాలోని బంగాయ్ దీవులకు చెందిన బంగాయ్ కార్డినల్ చేప ఈ వ్యాపారం వల్ల ఎంతగానో తరిగిపోయి, 2007లో అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. నిజానికి మగచేప గుడ్లను నోట్లో దాచుకుని పొదిగే ఈ జాతి తొట్టెల్లోనూ పిల్లలు పెడుతుంది. కనుక అది కావాలనుకునేవారు పెంపకంలో పుట్టినదాన్నే అడిగి తీసుకోండి.

అయితే పట్టి తెచ్చిన చేపలన్నింటినీ తప్పుపట్టవద్దు. బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది పరీవాహకంలో కార్డినల్ టెట్రాలనే చిన్న మంచినీటి చేపలను పట్టి బతికే కుటుంబాలకు, ఆ నదీ అడవీ పదిలంగా ఉంటేనే జీవనాధారం ఉంటుంది, కనుక వాటిని కాపాడుకోవలసిన అవసరం వారికే ఉంటుంది.

ఇక పెంచలేకపోతున్న చేపలను దయచేసి చెరువులోనో కాలువలోనో వదలకండి. ఆదివారం తీసుకొస్తే, పెంచగలిగిన మరో సభ్యునికి అప్పగిద్దాం. జబ్బుపడిన చేపలను మాత్రం తేవద్దు.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా తమ పేరు, తెచ్చే చేపల రకం ఇక్కడే తెలియజేయగలరు.